షానన్ లెక్కలో 15 శాతమే వాడుతున్నా ప్యాకెట్లు గడువు ఎందుకు దాటుతున్నాయి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. గోడౌన్‌లో డ్రైవర్ లేకుండా తిరిగే 40 బండ్లు ఉన్నాయి. ఒక్కో బండి ప్రతి మిల్లీసెకనుకు 32 బైట్ల మెసేజ్ కంట్రోలర్‌కి పంపాలి, అది 1 మిల్లీసెకను లోపల చేరాలి, లక్షకు ఒకటి కంటే ఎక్కువ పోకూడదు. అందరూ 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకే 20 మెగాహెర్ట్జ్ ఛానెల్ వాడుతున్నారు, సిగ్నల్ నాయిస్ కంటే సగటున 10 డీబీ, అంటే పది రెట్లు, ఎక్కువగా ఉంది. ఒక ఛానెల్‌లో తప్పుల్లేకుండా గరిష్ఠంగా ఎంత పంపగలమో చెప్పే షానన్ సూత్రంలో వేసి చూస్తే ఆ ఛానెల్ కెపాసిటీ సెకనుకు 69 మెగాబిట్లు వచ్చింది, మీకు కావలసింది 10.24 మెగాబిట్లే, అంటే 15 శాతం. అయినా చాలా ప్యాకెట్లు ఆలస్యంగా వస్తున్నాయి, కొన్ని అసలు రావడం లేదు. మీ టీమ్‌లో కొందరు ఇంకా మంచి ఎర్రర్ కరెక్షన్ కోడ్ (దారిలో వచ్చే తప్పుల్ని సరిదిద్దుకునేలా అదనపు బిట్లు కలిపే పద్ధతి) ఉన్న రేడియో కొందామంటున్నారు. కొనాలా వద్దా అని అడిగారు.

కొనకండి. మీ సమస్య కోడ్‌లో లేదు. మీరు వేసిన షానన్ లెక్క తప్పు కాదు, కానీ అది వేరే ప్రశ్నకు జవాబు. ఎంతసేపైనా ఆగగలిగితే, ఛానెల్ మొత్తం ఒక్కరిదే అయితే, నాయిస్ ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటే ఎంత పంపగలం అన్నదానికి అది హద్దు చెప్తుంది. మీ దగ్గర ఈ మూడూ లేవు. గడువు ఉంది, 40 మంది పంచుకుంటున్నారు, బండి కదిలేకొద్దీ సిగ్నల్ మునిగి తేలుతోంది. ఈ మూడింటిలో ఒక్కొక్కటి ఎంత నష్టం తెస్తుందో విడివిడిగా లెక్కేస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది. వైర్‌లెస్ మోడెమ్‌ల పనిలో నేను 18 ఏళ్లుగా ఉన్నాను, ఈ మూడు లెక్కలూ వేయకుండా ఏ డిజైన్‌కీ సరే అనను.

ముందు వైఫై సంగతి చూద్దాం, మీకు ఇప్పుడు తగులుతున్న పెద్ద దెబ్బ అక్కడే ఉంది.

ఒక బండి ఒక్క మెసేజ్ పంపడానికి నిజంగా ఎంత సమయం పడుతుందో కాగితం మీద వేసి చూడండి. ఛానెల్ ఖాళీగా ఉందని తేల్చుకోవడానికి 34 మైక్రోసెకన్లు ఆగాలి. ఆ పైన 0 నుంచి 15 లోపు ఏదో ఒక అంకె ఎంచుకుని అన్ని స్లాట్లు ఆగాలి, ఒక్కో స్లాట్ 9 మైక్రోసెకన్లు, సగటున 67 అనుకోండి. తర్వాత ప్యాకెట్ మొదలవుతోందని చెప్పే ప్రీయాంబుల్ 20. మీ 32 బైట్లకు హెడర్లూ చెక్‌సమ్ కలిపితే 68 బైట్లు అవుతాయి, 24 మెగాబిట్ల వేగంలో దానికి 24 మైక్రోసెకన్లు. అందిందని అవతలి నుంచి జవాబు రావడానికి 16 ఆగడం, 28 జవాబు. మొత్తం 190 మైక్రోసెకన్ల దగ్గర తేలుతుంది. అందులో మీ అసలు 256 బిట్లు తీసుకున్నది 11 మైక్రోసెకన్లు కూడా కాదు. బండ్లన్నీ ఒకేసారి లెక్కపెట్టుకుంటూ ఆగుతాయి కాబట్టి ఆ 67 ప్రతిసారీ పూర్తిగా పడదు, సరే, దాన్ని పూర్తిగా తీసేద్దాం. అయినా 122 మైక్రోసెకన్లు, 40 బండ్లకు 4.9 మిల్లీసెకన్లు. ఢీకొట్టుకోవడాలు లేకుండా, మళ్లీ పంపడాలు లేకుండా, అన్నీ కలిసొస్తేనే ఇంత! 1 మిల్లీసెకనులో ఇది పట్టే మాటే లేదు. ప్రపంచంలోకెల్లా మంచి కోడ్ తెచ్చి పెట్టినా మీకు కలిసొచ్చేది ఆ 11 మైక్రోసెకన్లలో కొంత భాగమే.

మీ మేనేజర్‌కి చూపించాల్సింది ఈ ఒక్క లెక్కే. మిగతాది మీకోసం రాస్తున్నాను, ఎందుకంటే వైఫై మార్చినా మిగతా రెండు దెబ్బలు అలాగే ఉంటాయి.

గడువు వల్ల పోయేది ఎంత?

క్లాడ్ షానన్ 1948లో చెప్పిన హద్దు చాలా పొడవైన కోడ్‌లకు వర్తిస్తుంది. పొడవు ఎందుకు కావాలో నాణెం ఎగరేస్తే తెలుస్తుంది. 10,000 సార్లు ఎగరేయండి, బొమ్మ పడే లెక్క 4,850 నుంచి 5,150 మధ్యలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది, అంటే సగటుకు అటూ ఇటూ 3 శాతం తేడా. 100 సార్లే ఎగరేస్తే 35 నుంచి 65 దాకా ఎక్కడైనా పడొచ్చు, సగటుకు అటూ ఇటూ 30 శాతం. నాయిస్ కూడా అంతే. ప్యాకెట్‌ని సింబల్స్ అనే చిన్న చిన్న సిగ్నల్ ముక్కలుగా పంపుతారు, పొడవైన ప్యాకెట్‌లో మంచి సింబల్స్, చెడ్డ సింబల్స్ కలగలిసి సగటుకు వచ్చేస్తాయి, చిన్న ప్యాకెట్‌కి ఆ అదృష్టం ఉండదు, ఒక్కోసారి వరుసగా చెడ్డవే తగులుతాయి. అలాంటి రోజు కోసం ముందే కొంత ఖాళీ వదిలిపెట్టుకోవాలి. ఎంత ఖాళీ అన్నదానికి ఫోల్కర్ స్ట్రాసెన్ 1962లోనే దారి చూపించాడు, 2010లో పాల్యాన్‌స్కీ, పూర్, వెర్దూ ముగ్గురూ కలిసి ఇంజినీర్లు చేతితో లెక్కేసుకునేంత పక్కాగా దాన్ని తేల్చారు. సారం ఇది: కెపాసిటీలోంచి కొంత తీసేయాలి, తీసేసేది ప్యాకెట్ పొడవు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది, మీరు అడిగే నమ్మకం పెరిగేకొద్దీ పెరుగుతుంది. పొడవు నాలుగింతలు చేస్తే నష్టం సగమవుతుంది, అంతకంటే తొందరగా తగ్గదు.

అంకెలు చూస్తే నమ్మకం కుదురుతుంది. సిగ్నల్, నాయిస్ సమానంగా ఉన్న ఛానెల్ తీసుకోండి, అంటే 0 డీబీ. 168 సింబల్స్ ఉన్నాయి, 5జీలో ఒక రిసోర్స్ బ్లాక్‌కి (పంచిపెట్టే ఫ్రీక్వెన్సీ ముక్కకి) ఒక స్లాట్‌లో ఉండేవి ఇవే. షానన్ 168 బిట్లు అంటాడు. పదికి ఒకటి పోయినా పర్లేదంటే దాదాపు 151 వెళ్తాయి. వెయ్యికి ఒకటి అంటే 122. లక్షకు ఒకటి అంటే 103. అదే 16,800 సింబల్స్ ఉంటే లక్షకు ఒకటి షరతు మీద కూడా 16,117 బిట్లు, అంటే 96 శాతం, పట్టేస్తాయి. ఉపగ్రహ టీవీ ప్రమాణం డీవీబీ-ఎస్2లో 64,800 బిట్ల పొడవున్న కోడ్ హాయిగా వాడగలగడానికి కారణం ఇదే, అక్కడ సిగ్నల్ భూమి నుంచి 35,786 కిలోమీటర్లు పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను పోతుంది, ఇంకో రెండు మిల్లీసెకన్లు కోడ్ కోసం ఆగితే అడిగేవాడు లేడు.

ఇక మీ లెక్క. 10 డీబీ దగ్గర 256 బిట్లకు షానన్ ప్రకారం 74 సింబల్స్ చాలు. లక్షకు ఒకటి షరతు పెడితే 90 కావాలి. అంతే! 20 శాతం పైచిలుకు. మీకు 1 మిల్లీసెకనులో 20 మెగాహెర్ట్జ్ మీద సుమారు 20,000 సింబల్స్ ఉన్నాయి, 40 మందికి పంచితే తలా 500. 90 అవసరమైన చోట 500 చేతిలో ఉన్నాయి. కాబట్టి "చిన్న ప్యాకెట్ సిద్ధాంతం వల్లే మన సిస్టమ్ ఆగిపోయింది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఈ సిద్ధాంతం నాకు చాలా ఇష్టమైనది, అయినా మీ కేసులో నేరం దానిది కాదు.

వైఫై తర్వాత పెద్ద నేరం ఫేడింగ్‌ది, అంటే సిగ్నల్ మునిగి తేలడానిది.

పై లెక్కలన్నీ 10 డీబీ ఎప్పుడూ ఉంటుందనుకుని వేసినవి. ఉండదు. ఇనుప ర్యాకులు, కాంక్రీటు స్తంభాలు, పక్క బండ్లు, వీటన్నిటి మీద పడి తిరిగొచ్చిన అలలు ఒకదాన్ని ఒకటి చంపుకునే చోట సిగ్నల్ గోతిలో పడినట్టు పడిపోతుంది. బండికీ కంట్రోలర్‌కీ మధ్య నేరుగా చూపు లేదనుకోండి, అప్పుడు సగటు 10 డీబీ ఉన్నా, ఏ క్షణంలో చూసినా సగటు కంటే తక్కువ ఉండే అవకాశం నూటికి 63. కాబట్టి 90 సింబల్స్‌లో బిగించి పంపితే సగానికి పైగా పోతాయి. సరే, మీ వాటా 500 సింబల్స్ మొత్తం వాడేసి, నిదానంగా పంపండి. అప్పుడు మైనస్ 3.7 డీబీ ఉన్నా చాలు, అంటే సగటు మీద దాదాపు 14 డీబీ వెసులుబాటు. అయినా నూటికి 4 ప్యాకెట్లు పోతాయి. మీరు అడుగుతున్నది లక్షకు ఒకటి. ఒక్క యాంటెన్నాతో ఆ మాట నిలబెట్టాలంటే 50 డీబీ వెసులుబాటు కావాలి, అంటే కనీసం సరిపోయేదానికి లక్ష రెట్లు పవర్. ఎవరు ఇస్తారు?

ఇప్పుడు కంట్రోలర్ వైపు యాంటెన్నాలు పెంచుతూ పోండి, ఒకదానికొకటి దూరంగా, ఒక్కోదానికి సగటు అదే 10 డీబీ. రెండు పెడితే పదివేలకు 9 పోతాయి. మూడు పెడితే లక్షకు 1.3. నాలుగు పెడితే కోటికి 1.4. ఒకసారి ఆగి ఆ వరుస మళ్లీ చదవండి. కోడ్‌లో ఎంత తలబద్దలు కొట్టుకున్నా ఇలాంటి మెట్లు దొరకవు. నాలుగూ ఒకేసారి గోతిలో పడడం దాదాపు జరగదు, అదే ఇందులోని మర్మం. 20 మెగాహెర్ట్జ్ మొత్తం ఒకేసారి మునుగుతుందని అనుకుని వేసిన లెక్క ఇది, నిజానికి పెద్ద గోడౌన్లో ఫ్రీక్వెన్సీకి ఫ్రీక్వెన్సీకి కొంత తేడా ఉంటుంది కాబట్టి మీకు ఇంతకంటే కాస్త మెరుగ్గానే రావచ్చు. కానీ నాలుగు యాంటెన్నాలూ ఒకే పెట్టెలో పక్కపక్కనే అంటించి ఒక ఫోర్క్‌లిఫ్ట్ అడ్డం వస్తే నాలుగూ కలిసే పోతాయి, అది గుర్తుంచుకోండి.

ఇంకో మాట, ఇది సిద్ధాంతం వైపు నుంచి వచ్చినా చాలా ఉపయోగం. ప్యాకెట్ మొత్తం ఒకే ఫేడ్‌లో గడిచిపోయే ఛానెల్‌లో, పొడవు తక్కువైనందువల్ల వచ్చే ఆ వర్గమూలం నష్టం అసలు కనబడదని 2014లో యాంగ్, దురీసీ, కోఖ్, పాల్యాన్‌స్కీ నిరూపించారు. ఫేడింగ్ తెచ్చే నష్టం అంత పెద్దది, దాని ముందు రెండోది లెక్కలోకి రాదు. అలాంటి చోట పొడవైన కోడ్ కోసం వెంపర్లాడడం అనవసరం.

"పోతే మళ్లీ పంపుదాం" అని మీ టీమ్ అంటుంది, అందరూ అనే మాటే. మీ బండి సెకనుకు 1.5 మీటర్ల వేగంతో వెళ్తోందనుకుంటే 1 మిల్లీసెకనులో 1.5 మిల్లీమీటర్లు కదులుతుంది. 5 గిగాహెర్ట్జ్ అల పొడవు 6 సెంటీమీటర్లు. గోతిలోంచి బయటపడాలంటే అందులో పావో సగమో కదలాలి, ఛానెల్ మారడానికి సుమారు 17 మిల్లీసెకన్లు పడుతుంది. మీ గడువు లోపల ఎన్నిసార్లు మళ్లీ పంపినా అదే గోతిలోంచి పంపినట్టే. మళ్లీ పంపడం పనికి రావాలంటే వేరే ఫ్రీక్వెన్సీలోనో వేరే యాంటెన్నా నుంచో పంపాలి.

దీన్ని నేను కళ్లారా చూసిన చోటు ఒక ఇనుము కరిగించే షెడ్డు. పైన ఈఓటీ క్రేన్, కింద ఆపరేటర్ చేతిలో 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్. ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక చిన్న మెసేజ్ వెళ్తుంది, వరుసగా మూడు రాకపోతే క్రేన్ తనంతట తాను ఆగిపోతుంది. అలా ఆగడమే మంచిది. కానీ ఒకే ఒక్క చోట, మూడో స్తంభం పక్కన, షిఫ్టుకి నాలుగైదు సార్లు బరువు గాలిలో వేలాడుతుండగా ఆగిపోయేది. కింద మనుషులు ఉండే చోటు అది, ఆపరేటర్ చాలా టెన్షన్ పడుతుండేవాడు. రిమోట్ సప్లై చేసినవాళ్లు పవర్ పెంచుదామన్నారు. నేను స్పెక్ట్రమ్ ఎనలైజర్ పట్టుకుని ఆపరేటర్ నిలబడే చోటే నిలబడ్డాను. మైనస్ 62 డీబీఎం చూపిస్తోంది, చక్కటి సిగ్నల్. యాంటెన్నాను బెత్తెడు ఎడమకి జరిపాను, మైనస్ 91. వెనక్కి జరిపితే మళ్లీ 62. బెత్తెడు దూరంలో 29 డీబీ! ఆపరేటర్ అలవాటుగా స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు, అతని చెయ్యి సరిగ్గా ఆ గోతిలోకి వచ్చేది. పవర్ రెట్టింపు చేస్తే 3 డీబీ వచ్చేది, ఎందుకూ చాలదు. క్రేన్ గర్డర్ మీద మీటరు దూరంలో రెండో రిసీవర్ యాంటెన్నా పెట్టించాం. ఆ తర్వాత అక్కడ ఆగిందని ఫోన్ రాలేదు.

నాయిస్ సగటు కూడా ఇలాగే మోసం చేస్తుంది. వేరే ఒక ప్లాంట్‌లో రోజూ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సెన్సర్లు తప్పేవి. పక్కనే క్యాంటీన్ ఉంది, అన్నం వేడి చేసుకునే మైక్రోవేవ్ ఓవెన్లు రెండు ఉన్నాయి. ఓవెన్ నాయిస్ కరెంటుతో పాటు కొట్టుకుంటుంది, మన 50 హెర్ట్జ్ కరెంటులో ప్రతి 20 మిల్లీసెకన్లలో దాదాపు సగం సేపు రొద, సగం సేపు నిశ్శబ్దం. 40 మిల్లీసెకన్ల మీద పరిచిన ప్యాకెట్ అయితే సగం మంచిది సగం చెడ్డది చూసి గట్టెక్కుతుంది. 1 మిల్లీసెకను ప్యాకెట్ అయితే మొత్తం రొదలోనే పడుతుంది, లేదా మొత్తం నిశ్శబ్దంలో. సగటు నాయిస్ రెండింటికీ ఒకటే. మీరు 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్నారు కాబట్టి ఓవెన్ మీకు అడ్డు కాదు, కానీ కొలిచేటప్పుడు సగటు అంకె ఒక్కటే రాసుకోకండి అని చెప్పడానికి ఇది రాశాను.

పంచుకోవడం వల్ల పోయేది.

సిద్ధాంతం ప్రకారం 40 మంది ఒకేసారి మాట్లాడినా ఫర్వాలేదు, రిసీవర్ అందరినీ కలిపి డీకోడ్ చేస్తే మొత్తం కెపాసిటీ పెరుగుతుంది కూడా. ఆల్స్‌వెడే 1971లో, లియావ్ 1972లో ఆ హద్దులు గీశారు. కానీ ఆ గీతల వెనక రెండు షరతులు ఉన్నాయి: ఎవరు మాట్లాడుతున్నారో రిసీవర్‌కి ముందే తెలుసు, అందరి దగ్గరా ఎప్పుడూ పంపడానికి సరుకు ఉంటుంది. ఫ్యాక్టరీలో ఎవరికి ఎప్పుడు పని పడుతుందో తెలియదు, ఎవరు మాట్లాడుతున్నారో కనుక్కోవడమే ఒక పని. క్యూలో ఆగడం షానన్ లెక్కలో లేదు, నాయిస్ క్యూ లెక్కల్లో లేదు, ఈ రెండు వైపులా సరిగ్గా కలవలేదని గాలగర్ 1985లోనే రాశాడు. మీకు తగిలింది ఆ సందే.

ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపితే ఏమవుతుందో నార్మన్ అబ్రామ్సన్ 1970లో హవాయిలో ఆలోహా నెట్‌వర్క్ కోసం లెక్కేశాడు. ఛానెల్‌లో గరిష్ఠంగా 18.4 శాతమే పనికొస్తుంది, సమయాన్ని స్లాట్లుగా కోస్తే 36.8 శాతం. ఈ అంకెలు చూసి "మనది 15 శాతమేగా, ఆలోహా కూడా సరిపోతుంది" అనుకోకండి, అది ఎంత సరుకు వెళ్తుందో చెప్పే అంకె, గడువులో వెళ్తుందని కాదు. మీ 1 మిల్లీసెకనును 200 స్లాట్లుగా కోసి 40 బండ్లూ తలా ఒకటి గుడ్డిగా ఎంచుకుంటే, ఒక్కో ప్యాకెట్ ఇంకోదాన్ని ఢీకొట్టే అవకాశం నూటికి 18. సరే, అందరూ ఎప్పుడూ పంపరు, ఏ మిల్లీసెకనులో అయినా నూటికి ఒక బండికే పని పడుతుందనుకోండి. అప్పుడు కూడా వెయ్యికి 2 ఢీకొడతాయి. మీ షరతు కంటే 200 రెట్లు ఎక్కువ. ఛానెల్ దాదాపు ఖాళీ! అయినా చాలదు. లోడ్ ఇంత తక్కువగా ఉన్నప్పుడు ఒకే ప్యాకెట్‌ని మూడు వేర్వేరు స్లాట్లలో మూడు కాపీలు పంపితే బాగా పనిచేస్తుంది, మూడు కాపీలూ పోవడం చాలా అరుదు. కానీ మీలాగా అందరూ ప్రతి మిల్లీసెకనూ పంపే చోట కాపీలు పెంచితే రద్దీ పెరిగి ఇంకా చెడుతుంది.

మీది క్రమం తప్పని ట్రాఫిక్, కాబట్టి మీకు లాటరీ అక్కర్లేదు, ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసిపెట్టండి. మన రైళ్ల కవచ్ వ్యవస్థలో రేడియో ఇలాగే పనిచేస్తుంది, స్టేషన్ పరిధిలోకి వచ్చిన ఇంజిన్‌కి తనదైన టైమ్ స్లాట్ ఉంటుంది. దాని పరీక్షలు చాలా వరకు మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి, 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఎదురెదురుగా వచ్చిన ఇంజిన్లను 380 మీటర్ల దూరంలో అదే ఆపింది. అక్కడ మెగాబిట్ల గొడవ లేదు, చిన్న మెసేజ్ తన వంతులో కచ్చితంగా చేరడమే పని.

మీ 32 బైట్లు, 1 మిల్లీసెకను, లక్షకు ఒకటి అన్న షరతులు ఎక్కడి నుంచి వచ్చాయో నేను ఊహించగలను. 5జీ కోసం 2017లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ పెట్టిన లక్ష్యం అచ్చంగా ఇదే. కానీ అది తన సొంత స్పెక్ట్రమ్‌లో, ఎవరు ఎప్పుడు పంపాలో బేస్ స్టేషన్ నిర్ణయించే చోట పెట్టిన షరతు. దాన్ని అందుకోవడానికి వాళ్లు ఏం మార్చారో చూడండి. 4జీ ఎల్‌టీఈలో 1 మిల్లీసెకను ఉండే పంపకపు ముక్కను రెండు, నాలుగు, ఏడు సింబల్స్ ఉండే చిన్న ముక్కలుగా కోశారు, అనుమతి అడిగి ఆగే పని లేకుండా ముందే వంతులు కేటాయించారు, యాంటెన్నాలు పెంచారు. కోడ్‌లు కూడా మార్చారు, డేటాకి ఎల్‌డీపీసీ, కంట్రోల్‌కి పోలార్, అవి మంచివే, కానీ గడువు నిలబెట్టింది ముందు చెప్పినవే.

ఫీడ్‌బ్యాక్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. రిసీవర్ "ఇక చాలు" అని చెప్పగానే ఆపేసే పద్ధతిలో, కెపాసిటీ సగం బిట్ ఉన్న ఒక ఛానెల్‌లో, వెయ్యికి ఒకటి తప్పు షరతు మీద, కెపాసిటీలో 90 శాతం అందుకోవడానికి 3,100 సింబల్స్ అవసరమైన చోట 200 లోపే చాలని 2011లో పాల్యాన్‌స్కీ, పూర్, వెర్దూ ముగ్గురే చూపించారు. గొప్ప ఫలితం. కానీ ఆ 200 సగటు పొడవు, కొన్ని ప్యాకెట్లు చాలా ఎక్కువ తీసుకుంటాయి. గడువు ఉన్నవాడికి ఆ కొన్నిటితోనే పని.

ఇక మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానో చెప్తాను. మొదట ఆ 1 మిల్లీసెకనునే నిలదీస్తాను. 10 మిల్లీసెకన్లలో మీ బండి కదిలేది ఒకటిన్నర సెంటీమీటర్లు. దారి తప్పకుండా నడిపించే లూప్ బండిలోనే పెట్టి, కంట్రోలర్‌కి ఎక్కడున్నానో చెప్పడం, ఆపమంటే ఆగడం మాత్రమే రేడియో మీద పెడితే 10 మిల్లీసెకన్లు ఎందుకు చాలదో మీ కంట్రోల్ ఇంజినీర్‌ని అడగండి. నేను చూసిన చాలా చోట్ల చాలింది. 10కి ఒప్పుకుంటే మీ పని సగం అయిపోయినట్టే, అంతేకాదు, మళ్లీ పంపడానికి చోటు దొరుకుతుంది, బండి కాస్త కదిలి గోతిలోంచి బయటపడడం మొదలుపెడుతుంది.

తర్వాత వంతుల పద్ధతి. వైఫై 6 అయితే కంట్రోలర్ పిలిచినప్పుడు 20 మెగాహెర్ట్జ్‌లో 9 బండ్లు, 80 మెగాహెర్ట్జ్‌లో 37 బండ్లు ఒకేసారి జవాబివ్వగలవు. 40 బండ్లంటే 20లో ఐదు పిలుపులు, 80లో రెండు. 1 మిల్లీసెకనుకి ఇదీ ఇరుకే, 10కి హాయిగా పడుతుంది. పక్క కంపెనీ వైఫై కూడా అదే ఛానెల్‌లో ఉంటే మీ వంతులు వాళ్లకి తెలియవు, వాళ్లు మధ్యలో దూరతారు. అప్పుడు లైసెన్సున్న స్పెక్ట్రమ్‌లో ప్రైవేట్ 5జీ గురించి ఆలోచించాలి, ఖర్చు ఎక్కువే.

ఆ తర్వాత నాలుగు యాంటెన్నాలు, నాలుగు వేర్వేరు స్తంభాల మీద, కేబుల్ ఖర్చుకి వెనకాడకండి. క్యూ పెట్టకండి. బండి స్థానం చెప్పే మెసేజ్ పాతదైపోతే దాన్ని పారేసి కొత్తది పెట్టండి, 5 మిల్లీసెకన్ల కిందటి స్థానాన్ని భద్రంగా చేర్చడం వల్ల ఎవరికీ లాభం లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, లాగ్‌లు ఆ ఛానెల్ మీదకి రానివ్వకండి. ఇవన్నీ అయ్యాక ఇంకా చాలకపోతే అప్పుడు కోడ్ గురించి మాట్లాడదాం, 74కీ 90కీ మధ్య ఉన్న ఆ 16 సింబల్స్ కోసం.

చివరగా కొలత. లక్షకు ఒకటి అని చెప్పుకోవాలంటే వరుసగా 3 లక్షల ప్యాకెట్లు ఒక్కటీ పోకుండా చేరాలి, అప్పుడే 95 శాతం నమ్మకంతో ఆ మాట అనొచ్చు. మీ ట్రాఫిక్‌కి 3 లక్షలు ఏడున్నర సెకన్లలో వచ్చేస్తాయి, వెండర్ డెమోలో చూపించేది అదే. కానీ ఆ లెక్క ప్యాకెట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయనుకుని వేసింది, బండి ఒకసారి గోతిలో పడితే వరుసగా 17 మిల్లీసెకన్ల ప్యాకెట్లు పోతాయి. అందుకని పూర్తి షిఫ్టు నడిపి చూడండి, అన్ని బండ్లూ అన్ని మూలలకూ వెళ్లేలా, ర్యాకులు సరుకుతో నిండి ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి. ప్రతి ప్యాకెట్ ఆలస్యాన్నీ, బండి అప్పుడు ఎక్కడుందో దాన్నీ రాసిపెట్టండి. ఆలస్యమైనవన్నీ ప్లాన్ మీద చుక్కలుగా పెట్టి ఇక్కడ పోస్ట్ చేస్తే ఏ స్తంభం మీద యాంటెన్నా పెట్టాలో కలిసి చూద్దాం.